పాస్‌పోర్టుకు పెట్టిన కుంకుమబొట్టు

మొన్న శుక్రవారం మధ్యాహ్నం భోజనాలు ముగిశాక, వంటింట్లో గిన్నెలు తుడిచి సర్దుకుంటూ ఉంటే, పుట్టింటికి వచ్చిన మా పెద్దపాప ఫోను పట్టుకొచ్చి నా కళ్ళముందు పెట్టింది. పెద్దపాప అంటే నేను కన్న బిడ్డ కాదు. కువైట్‌లో, రుమైథియాలో, నేను ఇన్నేళ్ళుగా పనిచేస్తున్న ఇంటి పెద్దమ్మాయి. నేను ఈ గడప తొక్కిన రోజున పాలసీసా చంకలో ఇరికించుకుని నా వంక అనుమానంగా చూసిన ఆ పిల్లకే ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఫోనులో పసుపుపచ్చ గోడల పాత ఇళ్ళు, నాచు పట్టిన పెంకులు, వీధి ఈ పక్కనుంచి ఆ పక్కకు తోరణాలు కట్టినట్టు వేలాడే పట్టు లాంతర్లు, వాటి కింద నిలబడి ఫొటోలు తీయించుకుంటున్న జనం. వియత్నాం దేశంలో హోయ్ ఆన్ అనే ఊరు. "గుర్తుపట్టావా అక్కా?" అంది. వచ్చే నెల పిల్లల్ని తీసుకుని అక్కడికే వెళ్తోందట, చంటిది నీ చేతిలో అయితేనే ఊరుకుంటుంది, నువ్వూ రావాల్సిందే అని గారాలు పోయింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "నీ పాస్‌పోర్టు ఎక్కడుంది?" అని అడిగింది. నా పెట్టెలోనే ఉందమ్మా అన్నాను. ఆ చిన్న మాట అన్నాక చేతిలోని గిన్నెను ఎంతసేపు తుడిచానో నాకే తెలియదు.

నా ఈడువాళ్ళకు, అందులోనూ గల్ఫులో ఒకరి ఇంట పనిచేసి బతికినవాళ్ళకు, ఆ జవాబు విలువ వేరే చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో మన పాస్‌పోర్టు మన దగ్గర ఉండేది కాదు. విమానం దిగగానే కఫీల్ చేతికి, అంటే మనకు పని ఇచ్చి ఈ దేశంలో మనకు పూచీగా నిలబడిన యజమాని చేతికి, వెళ్ళిపోయేది. మళ్ళీ ఊరికి పోయే రోజునే కంటబడేది. అలాగని మా ఇంటి బాబా చెడ్డవాడు కాడు, మామా అసలే కాదు. ఇంటి యజమానిని బాబా అని, యజమానురాలిని మామా అని పనివాళ్ళమంతా పిలుస్తాం. ఆ తల్లి నన్ను ఆకలితో పడుకోనిచ్చిన రోజు లేదు. నా గదిలో బట్టల అలమారా పై అరలో దేవుడి పటం పెట్టుకున్నానని తెలిసి కూడా ఆ తలుపు ఏనాడూ తెరిచి చూడలేదు. అది చిన్న మర్యాద కాదు, ఇప్పటికీ తలుచుకుని మనసులో దణ్ణం పెట్టుకుంటాను. అయినా సరే, పాస్‌పోర్టు బాబా ఇనుప బీరువాలో ఉండేది, నేను వంటింట్లో ఉండేదాన్ని.

మాది రాయచోటి పక్కన మెట్ట పల్లె. నన్ను బడికి పంపలేదు. మా తాత పశువుల కొట్టం ముందు ఇసుక పోసి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించాడు. సాయంత్రాలు భజన పాటల పుస్తకం నాచేత చదివించుకునేవాడు, తప్పు చదివితే గొంతు సవరించుకునేవాడే గాని తిట్టి ఎరుగడు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన పెట్టిన భిక్షే. పెళ్ళయింది, పాప పుట్టింది. పురిట్లోనే పాపకు జ్వరం తగిలి, పాలు పట్టక, కళ్ళు తేలేసింది. నేను పడుకున్న మంచం మీదనుంచే గుడి ఉన్న దిక్కుకు చేతులెత్తి, వీరభద్రస్వామీ, ఈ బిడ్డను నాకు మిగిలిస్తే దీని పుట్టువెంట్రుకలు నా ఒళ్ళో కూర్చోబెట్టుకుని నీకు ఇస్తాను తండ్రీ, అని పైకి వినబడేలా మొక్కుకున్నాను. పాప దక్కింది. ఏడాది తిరగకముందే మా ఆయన పోయాడు. చావు జరిగిన ఇంట్లో ఆ సంవత్సరం శుభకార్యం కూడదు కాబట్టి తల నీలాలు అప్పుడు తీయించలేకపోయాం. పాపను మా అక్క చేతిలో పెట్టి నేను కువైట్ విమానం ఎక్కాను.

మన తట్టు పుట్టువెంట్రుకలు బేసి ఏడులోనే తీయిస్తారు. మొదటి ఏడు తప్పితే మూడు, మూడు తప్పితే ఐదు. అంతవరకు బిడ్డ తలకు కత్తెర తగలకూడదు. మాకు అన్నదమ్ములు లేరు, మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టే ఆచారం ఎటూ కుదరదు. ఆపైన, నా ఒళ్ళో అని నోటితో అన్నదాన్ని నేను. అక్క ఎంత ప్రాణంగా సాకినా, ఆ మొక్కు తాను తీర్చడానికి లేదు. మూడో ఏట వెళ్ళి తీయిద్దామనుకుంటే, ఇక్కడ మామాకు నెలలు నిండి చిన్నపాప పుట్టింది. ఆ బాలింతను, ఆ పసికందును వదిలి నేను ఎలా వెళ్ళను, నన్ను ఎలా పంపుతారు? వచ్చే సెలవులకు ఇన్‌షా అల్లాహ్ అంది మామా. అబద్ధం చెప్పే మనిషి కాదు, ఆ మాట అన్నప్పుడు నిజంగానే పంపాలనుకునేది. సెలవులు వచ్చేవి, ఇంకేదో వచ్చేది.

అప్పట్లో ఇంటికి మాట్లాడాలంటే కార్డు గీకి నంబరు నొక్కుకోవాలి. శుక్రవారం పూట సందు చివరి బకాలా, అంటే చిల్లర కొట్టు, దాకా పోయి కార్డు తెచ్చుకునేదాన్ని. ఊళ్ళో ఫోను ఉన్న ఇంటికి అక్క ముందే వచ్చి కూర్చుని ఉండేది. ఫోను పాప నోటి దగ్గర పెట్టేది గానీ అది మాట్లాడేది కాదు, ఊపిరి మాత్రం వినబడేది. పాపకు ఐదో ఏడు నడుస్తున్న వేసవిలో అక్క గొంతు కారంగా మారింది.

"ఏమే, ఆ అరబ్బోళ్ళ బిడ్డకు దినామూ జడలేస్తాండావంట. ఈడ నీ బిడ్డ నెత్తి సూసినావా? దువ్వెన దిగదు. అంగన్‌వాడీ బళ్ళో పిల్లోళ్ళు బైరాగీ బైరాగీ అని ఎంటబడతాండారు."

"వస్తానక్కా, ఈ సెలవులకు పంపుతామన్నారు."

"పోయిన సెలవులకూ ఇదే అంటివి. శ్రావణం దాటితే ఐదో ఏడు నిండిపోతాది. మల్లా ఏడో ఏడు దాకా ఈ జటలు మోయాల్నా అది? నిద్దట్లో గీరుకుని గీరుకుని నెత్తురు తెచ్చుకుంటాది, సూడలేకుండా నేను."

కార్డు అయిపోయింది. ఆమె తిట్టిందని నాకు కోపం రాలేదు. నా బిడ్డ కోసం నన్ను తిట్టడానికి ఒక మనిషి ఉన్నందుకు స్వామికి దణ్ణం పెట్టుకున్నాను. మరునాడు పొద్దున పెద్దపాపకు జడ వేస్తూ మాత్రం పాయలు తప్పి రెండుసార్లు విప్పి అల్లాను.

ఆ వేసవిలోనే వియత్నాం ప్రయాణం వచ్చిపడింది. బాబాకు అల్ రాయ్‌లో చెక్క సామాన్ల షోరూము ఉండేది. హోయ్ ఆన్‌కు నది అవతల తరతరాలుగా చెక్క చెక్కేవాళ్ళ పల్లె ఒకటి ఉందని విని, అక్కడ సరుకు మాట్లాడుకోవాలని బయలుదేరాడు. పనికి పనీ, పిల్లలకు షికారూ అని మామా కూడా సిద్ధమైంది. పెద్దపాపకు ముందరి పళ్ళు ఊడుతున్న వయసు, చిన్నపాప ఇంకా పాలసీసా వదలలేదు. వాళ్ళు వెళ్తే నేను వెళ్ళాలి. ఆషాఢం అది. తిరిగి రాగానే నిన్ను ఊరికి పంపేస్తాను అని మామా మాట ఇచ్చింది. ఆ మాటను కొంగున ముడి వేసుకున్నట్టు వేసుకుని విమానం ఎక్కాను.

ఊరంతా చూడటానికి వచ్చినవాళ్ళం, నేను చూసింది మాత్రం ఒక కిటికీ పట్టినంత ఊరు. ఎండ అక్కడ కువైట్ ఎండలా కాల్చదు, తడిగుడ్డ కప్పినట్టు ఒంటిమీద కూర్చుంటుంది. చిన్నపాపకు ఒళ్ళంతా చెమటకాయలు లేచాయి, పెద్దపాప ఆ ఊరి తిండి ముట్టనంది. బయటి మాంసం హలాలో కాదో అని మామాకు భయం. అందుకని పెట్టెలో తెచ్చుకున్న చిన్న కరెంటు కుక్కరులో గదిలోనే అన్నం, పప్పు ఉడకబెట్టడం, వాసన బయటికి పోకుండా తలుపు కింద తడి తువ్వాలు కుక్కడం, ఒకరికి తినిపించి ఒకరిని నిద్రపుచ్చడం, ఇదే నా పని. మామా, బాబా పొద్దున్నే వెళ్ళేవారు, దర్జీ కొట్లని, నది మీద పడవలని. వెళ్ళేటప్పుడు మామా తలుపు వేసి, హోటలు కుర్రాళ్ళు ఎవరు కొట్టినా తీయొద్దని చెప్పేది. ఆ తల్లి చెప్పింది మా క్షేమం కోరే. కాని గడియ పడిన చప్పుడు వినగానే నేను కిటికీ దగ్గరకు పోయేదాన్ని. కువైట్‌లో కనీసం వంటింటి వెనక తలుపయినా ఉండేది.

కిటికీ ఎదురుగా ఒక పాత ఇల్లు. అందులో ఒక ముసలామె పొద్దున లేవగానే గోడకు ఉన్న చిన్న దేవుడి గూటిలో అరటిపళ్ళు పెట్టి, అగరుబత్తులు వెలిగించి, చేతులు జోడించేది. ఏ దేవుడో నాకు తెలియదు, ఆ చేతులు జోడించడం మాత్రం తెలుసు. ఆ తరువాత గడపలో కూర్చుని, మోకాళ్ళ మధ్య మనవరాలిని కూర్చోబెట్టుకుని తల దువ్వేది. ఆ పిల్ల నిమిషం ఊరుకునేది కాదు, ఆమె వెనక్కి లాగి మళ్ళీ దువ్వేది. నేను చిన్నపాపను భుజాన వేసుకుని రోజూ నిలబడి చూసేదాన్ని. ఒకరోజు ఆ ముసలామె తలెత్తి నన్ను చూసి నవ్వింది. నాకు ఎందుకో తల దించుకోవాలనిపించింది.

ఒక సాయంత్రం మామా తన అక్కతో ఫోనులో మాట్లాడుతోంది. అరబ్బీ అప్పటికి నాకు బాగానే వచ్చు. వాళ్ళ అమ్మగారికి మోకాలి ఆపరేషను ఖాయమైందట, మేము తిరిగి వెళ్ళిన వారానికే. అమ్మను మా ఇంటికే తెస్తాను, మా అక్క ఉందిగా చూసుకోవడానికి, దాన్ని ఊరికి వచ్చే ఏడాది పంపుతాను, అంటోంది మామా. మా అక్క అంటే నేనే. నన్ను పిల్లలు పిలిచినట్టే ఆమె కూడా అక్క అనేది. నన్ను తీసిపారేసి మాట్లాడలేదు చూడండి, నా మీద అంత నమ్మకం పెట్టుకుని మాట్లాడింది. ఆ నమ్మకమే నా కాళ్ళకు బంధమైంది. చిన్నపాప జుట్టు నిమురుతూ గోడవైపు తిరిగి కూర్చున్నాను. నాకు ఊరికి పోవాలని ఉంది అని ఎన్నోసార్లు అడిగాను గాని, ఎందుకో మాత్రం ఏనాడూ చెప్పలేదు. మన దేవుడు, మన మొక్కు, మన గుండు, ఇవన్నీ ముస్లిముల ఇంట్లో ఎలా చెప్పను? అలమారా తలుపు తెరవని మర్యాద వాళ్ళది, దాని లోపలిది బయట పెట్టకూడదన్న మర్యాద నాది అనుకున్నాను.

మరునాడు మధ్యాహ్నం వాళ్ళిద్దరూ నది దాటి చెక్కపని పల్లెకు వెళ్ళి ఉండగా తలుపు కొట్టారు. తీయలేదు. ఇంతలో గదిలో ఫోను మోగింది. బాబా. హోటలువాళ్ళు మన పాస్‌పోర్టులు తిరిగి ఇస్తున్నారు, తీసుకుని నీ దగ్గర పెట్టుకో, అన్నాడు. దిగిన రోజు రాసుకోవడానికని అవి తీసుకున్నారట. తలుపు తీశాను. ఒక కవరు నా చేతిలో పెట్టి ఆ పిల్లవాడు వంగి వెళ్ళిపోయాడు.

అన్నిటికన్నా అడుగున ఉంది నాది. తెరిచాను. అందులో ఉన్న మనిషి, మా ఆయన పోయినా స్వామి కుంకుమ మానొద్దని అక్క పెట్టిన పెద్ద బొట్టుతో, నూనె రాసి నున్నగా తల దువ్వుకుని, భయంభయంగా నన్నే చూస్తోంది. ఆమెను చూసి ఎన్నేళ్ళయిందో! ఇది నా చేతిలో ఉంది, ఇక నన్ను ఆపేదెవరు అని ఒక్క క్షణం గుండె ఎగిసింది. మరుక్షణం చిన్నపాప ఏడుస్తూ నా చంక ఎక్కింది, పెద్దపాప కుచ్చిళ్ళు పట్టుకుని ఆకలి అంది. పాస్‌పోర్టు చేతికి వచ్చింది గాని చేతులు ఖాళీగా లేవు. విమానాశ్రయం ఏ దిక్కునుందో తెలియదు, ఆ ఊరి భాష ముక్క రాదు, ఈ ఇద్దరు పసివాళ్ళను వదిలి గడప దాటడం కలలో కూడా చేతకాదు. అప్పుడు తెలిసివచ్చింది, నన్ను కట్టి ఉంచింది బాబా బీరువా ఒక్కటే కాదని.

ఎండ చల్లబడ్డాక పిల్లల్ని పాత వంతెన దాకా తిప్పి తీసుకురమ్మని మామా పొద్దున్నే చెప్పి ఉంది. చిన్నపాపను తోపుడు బండిలో కూర్చోబెట్టి, పాలసీసా, బట్టలు, ఆ కవరు అన్నీ పిల్లల సంచిలో వేసుకుని బయటపడ్డాను. అప్పుడు చూద్దునుకదా, ప్రతి కొట్టు ముందరా చిన్న బల్ల, దానిమీద పళ్ళు, పూలు, అగరుబత్తులు. ఆ రోజు పున్నమి. మన ఆషాఢ పున్నమే వాళ్ళకూ పండగలా ఉంది. జనంలో బండి తోసుకుంటూ పోతుంటే, ఒక పెద్ద వాకిలి లోపల మసకలో ఒక అమ్మవారు కనబడింది. సముద్రం మీద పోయేవాళ్ళను కాచే తల్లి అని తరువాత తెలిసింది. కప్పునుంచి గాజుల్లా చుట్టలు చుట్టిన అగరుబత్తులు వేలాడుతున్నాయి, ఒక్కొక్క చుట్టకు ఒక్కొక్క కాగితం, కాగితం మీద పేర్లు. చదవలేకపోయినా అర్థమైంది. ప్రతి చుట్ట కిందా ఒక మనిషి కోరిక కాలుతోంది.

నా వీసా వచ్చిన రోజున మా అక్కా నేనూ పాస్‌పోర్టు తీసుకుని గుడికి పోయాం. మా వైపు ఎవరు గల్ఫుకు పోయినా అంతే. పూజారి దాన్ని స్వామి పాదాల దగ్గర పెట్టి, బొట్టు పెట్టి ఇచ్చాడు. కొత్త బండికి పెట్టినట్టు, పెళ్ళి పత్రికకు పెట్టినట్టు. ఆ అలవాటే నా చేత చేయించింది. ఎప్పుడూ నా వెంట ఉండే కుంకుమ భరిణె తీసి, పాస్‌పోర్టు తెరిచి, ఈ మనిషే తల్లీ, గుర్తుపెట్టుకో, శ్రావణం దాటకముందే దీన్ని ఇంటికి చేర్చు అని, నా ఫొటో ఉన్న కాగితానికీ ఎదుటి కాగితానికీ బొట్లు పెట్టాను. మిగిలింది నా నుదుట పెట్టుకున్నాను. మా పూజారి పైఅట్టకు పెట్టాడు, నేను లోపల పెట్టాను. అమ్మవారికి ముఖం కనబడాలి కదా అనుకున్నాను.

పెద్దపాప అంతా చూస్తోంది. ఏం అడిగావు అక్కా అంది. ఆ పిల్లతో తప్ప ఆ రోజు మాట్లాడటానికి నాకు ఇంకెవరున్నారు? మెట్ల మీద కూర్చుని చెప్పాను. మా ఊళ్ళో నీకన్నా చిన్నది, నా సొంత పాప ఒకతి ఉంది, దాని జుట్టు దేవుడికి ఇస్తానని మాట ఇచ్చాను, నేను వెళ్ళి ఇచ్చేదాకా దాని తలకు ఎవరూ కత్తెర పెట్టకూడదు, అని. పెద్దపాప తన జడ ముందుకు లాక్కుని దాని కొసను చాలాసేపు చూసుకుంది. "దురదగా ఉంటుందా దానికి?" అంది.

సంచిలో పాలసీసా మూత సరిగా బిగించలేదని గదికి చేరాక గాని తెలియలేదు. కవరు పైపైన తడిసింది, తుడిచి బాబాకు ఇచ్చేశాను. లోపల కుంకుమ కరిగి పారిందని నాకు స్ఫురించనే లేదు.

తిరుగు ప్రయాణం రోజున విమానాశ్రయంలో వాళ్ళంతా ముందుకు వెళ్ళిపోయారు. నా వంతు వచ్చి అధికారి పాస్‌పోర్టు తెరిచాడు. రెండు కాగితాలూ నెత్తురు కారినట్టు ఉన్నాయి. నా ముఖం మీదుగా ఎర్రటి చార. ఆయన నన్ను పక్కన నిలబెట్టాడు. అటు మామా, బాబా, పిల్లలు, ఇటు వచ్చిన దారి మూసి ఉంది, మధ్యలో నేను. చిన్నపాప అవతలినుంచి నా కోసం చేతులు చాపి గుక్కపట్టి ఏడుస్తోంది, వెళ్ళి ఎత్తుకోవడానికి లేదు. విమానం పేరు పిలుస్తున్నారు. బాబా ఏదో చెబుతున్నాడు, ఆయన ఇంగ్లీషు వాళ్ళకు అందడం లేదు. నేను ఇక్కడే చిక్కుపడిపోతే ఐదో ఏడు, ఏడో ఏడు, ఇక లెక్క ఏముంది అనుకున్నాను. అప్పుడు నెరిసిన జుట్టున్న ఒక ఆడ అధికారి వచ్చింది. కాగితం మీద వేలితో రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, నా నుదుటి వైపు చూసింది. ఆ ఎరుపు మీద వేలు ఆనించి, నా బొట్టు మీద ఆనించి, చేతులు జోడించాను. ఆమె ముఖంలో ఏదో కదిలింది. పక్కాయనతో ఒక మాట అంది, ఇద్దరూ నవ్వారు, ముద్ర పడింది. ఆ తల్లి పేరు నాకు తెలియదు. ఏ పూట దీపం పెట్టినా ఆమె చల్లగా ఉండాలని అనుకుంటాను.

కువైట్‌లో అంత సులువుగా పోలేదు. లోపలికి రానిచ్చారు గాని, ఊరికి పోవడానికి తప్ప ఈ పాస్‌పోర్టు ఇక పనికిరాదు, కొత్తది లేనిదే ఈమెకు ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, మళ్ళీ ఇవ్వరు అని బాబాకు గట్టిగా చెప్పారు. కారులో బాబా ఆపుకోలేకపోయాడు.

"పిచ్చిదానివా నువ్వు? పాస్‌పోర్టుకు ఎవరయినా రంగు పూస్తారా? ఖలాస్, పాడయిపోయింది!"

నేను చిన్నపాప తల మీద గడ్డం ఆనించుకున్నాను. వెనకనుంచి పెద్దపాప గొంతు వచ్చింది.

"రంగు కాదు బాబా. అక్క దేవుడికి మాట ఇచ్చింది. వాళ్ళ పాప జుట్టు ఇస్తానంది. అక్క వెళ్ళేదాకా ఆ పాపకు ఎవరూ జుట్టు కోయరు. దానికి చాలా దురద."

మామా సీటులో పూర్తిగా వెనక్కి తిరిగింది. "నద్ర్ చేశావా?" అంది. నద్ర్ అంటే వాళ్ళలో దేవుడికి ఇచ్చే మాట, మన మొక్కు వంటిదే. అవును మామా అన్నాను. ఎన్నాళ్ళయింది అని అడిగింది. పాప పుట్టినప్పుడు అన్నాను. మామా ముఖం చూడలేకపోయాను. "ఇన్నాళ్ళూ సెలవు అన్నావు గాని నద్ర్ అనలేదేం? దేవుడికి ఇచ్చిన మాటకు నేను అడ్డం నిలబడ్డానా? ఆ పాపం నా మెడకు చుట్టావు కదే!" అని కళ్ళు తుడుచుకుంది. ఇంటికి చేరాక పాప ఫొటో అడిగి తెప్పించుకుని, ఆ జటలు కట్టిన తలను వేలితో నిమిరి, బాబాకు ఒకటే మాట చెప్పింది, మా అమ్మ మోకాలు నెల రోజులు ఆగుతుంది, ఇది ఆగదు అని. కొత్త పాస్‌పోర్టు ఊళ్ళోనే చేయించుకుని రమ్మని టిక్కెట్టు తీశారు. బయలుదేరే రోజు పెద్దపాప, తనకు హోయ్ ఆన్‌లో కొన్న తాటాకు టోపీ, గొడుగులా మొన తేలినది, తెచ్చి నా సంచిలో పెట్టింది. గుండుకు ఎండ తగులుతుందట.

శ్రావణంలోనే తీరింది మొక్కు. పాప నన్ను చూసి అక్క కొంగు చాటుకు పోయింది. గుడి కల్యాణకట్ట దగ్గర నా ఒళ్ళో కూర్చోనంటే కూర్చోనని, అక్కను చూసి అమ్మా అమ్మా అని ఏడ్చింది. అక్క ఎదురుగా చతికిలబడి దాని చేతులు రెండూ పట్టుకుంది. "మీ యమ్మనే ఇది. ఒక్క గడియ కూసో నా తల్లీ, నేను యాడికీ పోను" అంటూ తానూ ఏడ్చింది. ముఖం అక్క వైపు, వీపు నా వైపు పెట్టి కూర్చుంది నా బిడ్డ. మంగలి నీళ్ళు చల్లి కత్తి ఆనించాడు. ఐదేళ్ళ జుట్టు, తాళ్ళు తాళ్ళుగా, నా ఒళ్ళో పడింది. అంత బరువుంటుందని నాకు తెలియదు. తల తేలికయ్యాక పాప ఏడుపు ఆపి, గుండు తడుముకుని, ఆశ్చర్యంగా మొదటిసారి నా వైపు తిరిగి చూసింది. ఆ ఒక్క చూపుకు నేను ఎవరెవరికి రుణపడ్డానో! పెద్దపాపకు, మామాకు, నెరిసిన జుట్టు అధికారికి, ఆ మసక వాకిట్లోని తల్లికి. ఊరి పిల్లలు నవ్వినా వినకుండా ఆ మొన టోపీ పెట్టుకునే తిరిగింది నేను ఉన్నన్నాళ్ళూ. దాని తలమీద నూగు మొలిచేలోగా నేను మళ్ళీ విమానం ఎక్కాను. తరువాతి జుట్టంతా అక్క చేతిలోనే పెరిగింది.

అక్క ఇప్పుడు లేదు. నా కూతురు మదనపల్లెలో కాపురం చేసుకుంటోంది, దానికి ఒక కొడుకు. శ్రావణానికి నేను వస్తాను, మనవడికి నా చేతుల మీదుగా పుట్టువెంట్రుకలు తీయిద్దాం అని చెప్పి ఉంచాను. ఇప్పుడు నన్ను ఆపేవాళ్ళు ఎవరూ లేరు. కొత్త పాస్‌పోర్టుతో తిరిగి వచ్చిన రోజునే మామా దాన్ని బాబా చేతినుంచి తీసుకుని నాకు ఇచ్చేసింది. అప్పటినుంచి, ఎన్నిసార్లు కొత్తది మార్చినా, అది నా పెట్టెలోనే ఉంటోంది, పైఅట్టకు మాత్రమే బొట్టుతో. ఈ నెల మొదట్లో కూతురు ఫోనుకు వీడియో పంపింది. మనవడు దాని ఒళ్ళో కూర్చుని ఉన్నాడు, మంగలి కత్తి ఆడిస్తున్నాడు, వాడు కేరింతలు కొడుతున్నాడు. నేను ఇదే వంటింట్లో నిలబడి చూశాను. నాలుగు వారాలు ఆగలేకపోయావా అమ్మీ అని అడిగాను. నవ్వింది. "నువ్వొచ్చేదాకా అని బిడ్డను అట్ల పెట్టలేనమ్మా. నేను మోసింది సాలు." ఆ నవ్వులో కోపం లేదు. ఉంటే ఏదో ఒకటి చెప్పుకుని ఉందును.

దాని మాటే మంచిదని నాకు తెలుసు. పసితలకు దురద లేదు, ఎగతాళి లేదు, ఎవరి రాకకోసమో గోళ్ళతో నెత్తురు తెచ్చుకోవడం లేదు. ఇంతకన్నా నేను దేవుణ్ణి ఏం అడుగుతాను? నా తరంవాళ్ళం ఒకచోట బందీలుగా ఉన్నప్పుడు, ఇంకొకచోట మన కోసం ఏదో ఒకటి ఆగి ఉండేది. పెళ్ళి ఆగేది, ఇంటి పైకప్పు ఆగేది, ఒక బిడ్డ జుట్టు ఆగేది. ఆ ఆగడం వాళ్ళకు శిక్ష, మనకు మాత్రం దారి చూపే తాడు. దాన్ని పట్టుకునే తిరిగి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు గడియలు ఊడిపోయాయి, ఆ తాడూ ఊడిపోయింది.

పెద్దపాపకు వస్తానని చెప్పాను. చంటిదాన్ని ఎత్తుకుని ఆ పసుపు గోడల వీధిలో మళ్ళీ నడుస్తాను, ఆ ముసలామె ఇల్లు ఎక్కడో వెతుకుతాను, అమ్మవారి వాకిట నిలబడి చేతులు జోడిస్తాను. నిన్న రాత్రి అలమారా తలుపు తీసి, ఆ తల్లిని ఈసారి ఏం అడగాలా అని చాలాసేపు ఆలోచించాను. ఏమీ తోచలేదు. నేను వచ్చేదాకా ఆగి ఉన్న తల, ఎక్కడా, ఒక్కటీ లేదు.